పాంక్రియాటైటిస్‌కు ఇమ్యూనిటీ ఇంజెక్షన్లు: వాటి కోసం పొలం అమ్మాల్సిన పని ఉందా?

ముందు మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్తాను, వివరం తర్వాత. థైమోసిన్ ఆల్ఫా ఇంజెక్షన్ల కోసం గానీ, రక్తం వడకట్టే సైటోకైన్ ఫిల్టర్ కోసం గానీ ఎకరం పొలం అమ్మకండి. మీ తమ్ముడి ప్రాణం వాటి మీద ఆధారపడి లేదు. దేని మీద ఆధారపడి ఉందో అదంతా మంచి ఐసీయూలో మామూలుగా జరిగే పనే. అది సరిగ్గా జరుగుతోందా లేదా కనుక్కోవడం మీ చేతుల్లో ఉంది.

మీరు రాసింది చదివేవాళ్లందరి కోసం క్లుప్తంగా: మీది దేవరకొండ దగ్గర ఊరు. తమ్ముడికి 34 ఏళ్లు, తాగుడు అలవాటుంది. ఐదు రోజుల కింద రాత్రి కడుపులో నొప్పి మొదలై వీపులోకి పాకింది. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ నొప్పని ఇంజెక్షన్ ఇచ్చాడు. మర్నాడు సాయంత్రానికి ఊపిరి అందక నల్లగొండకు, అక్కణ్నుంచి హైదరాబాద్‌కు తీసుకెళ్లారు. పాంక్రియాటైటిస్, అంటే క్లోమం వాపు అని చెప్పారు. క్లోమం దెబ్బతింటే రక్తంలో పెరిగే లైపేజ్ 1,900, రక్తంలోని కొవ్వు ట్రైగ్లిజరైడ్స్ 2,400. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.1కి పోయి ఇప్పుడు 1.6కి దిగింది. మాస్కుతో ఆక్సిజన్ పెట్టారు, వెంటిలేటర్ పెట్టలేదు. యూలినాస్టాటిన్ అనే మందు మూడు రోజులుగా నడుస్తోంది. ఇప్పుడు ‘ఇమ్యూనిటీ పెంచే’ ఇంజెక్షన్ (థైమోసిన్ ఆల్ఫా), ఫిల్టర్ రెండూ రాసి చీటీ చేతికిచ్చారు. వాటి కోసం ఎకరం పొలం అమ్మాలా అని మీరు అడిగారు. ఈలోగా బంధువొకాయన ఇమ్యూనోథెరపీతో పాంక్రియాటైటిస్ నయమవుతుందని వాట్సాప్‌లో వ్యాసం పంపాడు.

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏళ్ల తరబడి ఇలాంటి పేషెంట్లను చూస్తున్నాను. మీ తమ్ముణ్ని నేను చూడలేదు కాబట్టి చివరి మాట అక్కడున్న డాక్టర్లదే. కానీ వాళ్లను ఏం అడగాలో తెలియాలంటే ఈ జబ్బు లోపల ఏం జరుగుతుందో మీకు కొంత తెలియాలి.

క్లోమం, అంటే పాంక్రియాస్, మనం తిన్నది అరిగించే రసాలు తయారుచేస్తుంది. అందులో ట్రిప్సిన్ అనేది మాంసకృత్తులను ముక్కలు చేసే ఎంజైమ్. క్లోమంలో ఉన్నంతసేపు అది పని చేయని రూపంలోనే ఉంటుంది, చిన్నపేగులోకి చేరాకే పని మొదలుపెట్టాలి. నాళం మూతి దగ్గర గాల్ బ్లాడర్ రాయి అడ్డం పడ్డా, తాగుడు వల్ల కణాలు దెబ్బతిన్నా, రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ 1,000 దాటినా ఆ ఎంజైమ్ క్లోమం లోపలే పని మొదలుపెట్టవచ్చు. క్లోమం కణాలు పగులుతాయి. వాటి లోపల ఉండాల్సిన డీఎన్‌ఏ, ఏటీపీ, హెచ్‌ఎంజీబీ1 లాంటివి బయటికి కారతాయి. కణం లోపలి సరుకు బయట కనిపిస్తే తెల్లరక్తకణాలు దాన్ని పెద్ద ప్రమాదంగానే తీసుకుంటాయి. వాటిలో మాక్రోఫేజ్‌లు అనే రకం టీఎన్‌ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6 అనే సంకేతాలను వదులుతాయి, వీటినే సైటోకైన్లు అంటారు. న్యూట్రోఫిల్స్ అనే మరో రకం గుంపులుగా చేరి తమ డీఎన్‌ఏనే వలల్లాగా బయటికి విసురుతాయి, ఆ వలలు సన్న రక్తనాళాలను, క్లోమ నాళాలను మూసేస్తాయి. ఒళ్లంతా రక్తనాళాలు నీరు కారడం మొదలవుతుంది. ఆ నీరు పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. నాళాల్లో రక్తం తగ్గి కిడ్నీలకు అందదు. మీ తమ్ముడి క్రియాటినిన్ పెరగడానికి, ఊపిరి అందకపోవడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మొదటి వారంలో ఇదంతా సాధారణంగా ఏ క్రిమీ లేకుండానే జరుగుతుంది. జ్వరం ఉంటుంది, తెల్లకణాలు ఇరవై వేలు దాటొచ్చు, చూస్తే ఇన్‌ఫెక్షన్ లాగే ఉంటుంది. అందుకే ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్స్ వద్దని ఇప్పటి మార్గదర్శకాలు చెప్తున్నాయి. మీ బిల్లులో మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ కనబడితే ఎందుకు ఇస్తున్నారో మర్యాదగా అడగండి. క్రిములను వెతికే కల్చర్ పరీక్షలో ఏదైనా వచ్చినా, పిత్తనాళంలో చీము ఉందని అనుమానమున్నా ఇవ్వాల్సిందే. ఊరికే అయితే అవసరం లేదు.

తర్వాత కథ తిరగబడుతుంది. రెండో వారం నుంచి అదే శరీరంలో రోగనిరోధక శక్తి చతికిలపడుతుంది. మోనోసైట్లు అనే తెల్లకణాల మీద హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ అనే గుర్తు తగ్గిపోతుంది, క్రిమి ఎదురైనా అవి సరిగ్గా స్పందించవు. పేగు గోడ బలహీనపడి అక్కడి బ్యాక్టీరియా చచ్చిపోయిన క్లోమం ముక్కల్లోకి చేరుతుంది. రెండో వారం నుంచి నాలుగో వారం దాకా చీము పట్టే భయం అందుకే. మొదటి వారంలో అణచాల్సింది, మూడో వారంలో లేపాల్సింది ఒకే ఇమ్యూనిటీని. ఫలానా పేషెంటు ఈ రోజు ఏ దశలో ఉన్నాడో మంచం దగ్గరే నమ్మకంగా చెప్పి, దాన్నిబట్టి మందు ఎంచుకునే పద్ధతి మామూలు వైద్యంలోకి ఇంకా రాలేదు. ‘ఇమ్యూనిటీ ఇంజెక్షన్’ అనగానే నేను తటపటాయించేది దీనివల్లే.

అణిచే మందుల సంగతి చూద్దాం. లెక్సిపాఫాంట్ అనే మందు మీద 1990లలో చాలా ఆశలు పెట్టుకున్నారు. ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే ఒంట్లో ఎగసే ఈ వాపును, ఎగదోసే ప్లేట్‌లెట్ యాక్టివేటింగ్ ఫ్యాక్టర్‌ను అది అడ్డుకుంటుంది. చిన్న పరీక్షల్లో బాగా పనిచేసినట్టు కనిపించింది. బ్రిటన్‌లో 290 మందితో పెద్ద పరీక్ష చేసి 2001లో ఫలితాలు ప్రచురించారు. అవయవాల వైఫల్యం తగ్గలేదు, చావులూ తగ్గలేదు. పెంటాక్సిఫిల్లిన్ అనే మందుదీ అదే దారి, తర్వాత చేసిన పరీక్షలో లాభం కనబడలేదు. టీఎన్‌ఎఫ్‌ను ఆపే ఇన్‌ఫ్లిక్సిమాబ్ కీళ్లవాతానికి, పేగుల్లో దీర్ఘకాలం ఉండే వాపు జబ్బులకు బాగా పనిచేస్తుంది కాబట్టి దీనికీ పనిచేస్తుందేమోనని బ్రిటన్‌లో పరీక్ష చేపట్టారు. ఐఎల్-6ను ఆపే టోసిలిజుమాబ్ జంతువుల్లో ఆశ చూపింది. ఇవేవీ ఈ రోజుకు పాంక్రియాటైటిస్ మామూలు చికిత్సలో లేవు. పైగా మన దగ్గర టీబీ ఎక్కువ. ఒంట్లో నిద్రపోతున్న టీబీని టీఎన్‌ఎఫ్ మందులు లేపుతాయి. తెచ్చి పెట్టమని అడిగే ముందు ఆ సంగతి ఆలోచించాలి.

ఎలుకల్లో పనిచేసేది మనుషుల్లో ఎందుకు పనిచేయదని మీకు అనిపించవచ్చు. ప్రయోగశాలలో మందు ముందే ఇస్తారు, లేదా జబ్బు మొదలైన గంటా రెండు గంటల్లో ఇస్తారు. మన దగ్గర నొప్పి రాత్రి మొదలవుతుంది, తెల్లారాక ఆర్‌ఎంపీ, మధ్యాహ్నానికి మండలంలో నర్సింగ్ హోమ్, మర్నాటికి జిల్లా ఆసుపత్రి, ఆ తర్వాత హైదరాబాద్. ఐసీయూలో పడుకోబెట్టేసరికి ఒకటిన్నర రోజు గడిచిపోతుంది. గడ్డివాము సగం కాలాక అగ్గిపుల్ల ఆర్పినట్టుంటుంది అప్పుడు టీఎన్‌ఎఫ్‌ను ఆపడం.

సమయం ఎంత ముఖ్యమో చెప్పే రుజువు ఒకటుంది. ఈఆర్‌సీపీ అనే ఎండోస్కోపీ ప్రక్రియ తర్వాత కొందరికి పాంక్రియాటైటిస్ వస్తుంది. ఆ ప్రక్రియ వేళ ఇండోమెథాసిన్ 100 మిల్లీగ్రాములు మలద్వారం గుండా పెడితే ఆ ముప్పు తగ్గుతుంది. 2012లో అమెరికాలో ముప్పు ఎక్కువున్న 602 మందితో చేసిన పరీక్షలో, మందు పెట్టినవాళ్లలో 9.2 శాతానికి, పెట్టనివాళ్లలో 16.9 శాతానికి జబ్బొచ్చింది. కొద్ది రూపాయల మందు, వాపును అణిచేదే. అది గెలిచింది దెబ్బ తగిలే వేళకు ఒంట్లో ఉంది కాబట్టి.

ఇప్పుడు మీ చీటీలో రాసినవి. థైమోసిన్ ఆల్ఫా-1 అణిచేది కాదు, లేపేది. టీ కణాలు అనే తెల్లకణాలను ఉత్సాహపరిచి రెండో దశలో చీము పట్టకుండా చూస్తుందని ఆశ. ఆలోచన తప్పేమీ కాదు. చైనాలో 16 ఆసుపత్రుల్లో, క్లోమం కుళ్లిన 508 మందితో దీన్ని పరీక్షించి 2022లో ఫలితం చెప్పారు. ఆ ఆసుపత్రి వాసంలో చీము పట్టడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అంత పెద్ద పరీక్షలో తేలని లాభం కోసం మీ పొలం పోవడం నాకు సమ్మతం కాదు.

సైటోకైన్ ఫిల్టర్ అంటే రక్తాన్ని బయటికి తీసి, ఐఎల్-6 లాంటివాటిని పట్టుకునే పూసల గుండా పంపి మళ్లీ ఎక్కించడం. కాగితం మీద ఐఎల్-6 అంకె దిగుతుంది. మనిషి బతికే అవకాశం పెరుగుతుందని పాంక్రియాటైటిస్‌లో రుజువు కాలేదు. పైగా అది చెడ్డ, మంచి అని చూడకుండా కొన్ని మందులనూ పట్టేస్తుంది. కిడ్నీల కోసం డయాలిసిస్ వేరు, ఇది వేరు. డయాలిసిస్ అవసరమంటే మాత్రం వెనకాడకండి. క్రియాటినిన్ దిగుతోందన్నారు, మూత్రం బాగా వస్తే ఆ అవసరం రాకపోవచ్చు.

యూలినాస్టాటిన్ గురించి నేను అంత కఠినంగా చెప్పను. మనుషుల మూత్రం నుంచి తీసే ప్రొటీన్ అది, ట్రిప్సిన్‌నూ న్యూట్రోఫిల్స్ వదిలే ఎంజైమ్‌లనూ ఆపుతుంది. మన దేశంలోనే 129 మందితో చేసిన పరీక్ష 2013లో వచ్చింది. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లలో మందు వాడినచోట చావులు తక్కువ. కానీ చిన్న పరీక్ష, అందుకే అంతర్జాతీయ మార్గదర్శకాలు దీన్ని తప్పనిసరి చేయలేదు. మొదలుపెట్టిన కోర్సు కొద్ది రోజుల్లో అయిపోతుంది, అయిపోనివ్వండి. దాని కోసం అప్పు చేయాల్సి వస్తే నేనైతే వద్దంటాను. ఆక్ట్రియోటైడ్ అనే మందు రాస్తే కూడా అడగండి, 1999లో జర్మనీలో 302 మందితో చూస్తే ఈ జబ్బులో ఉపయోగం లేదని తేలింది.

స్టెరాయిడ్లు మామూలు పాంక్రియాటైటిస్‌కు మందు కాదు. బీపీ పడిపోయి, దాన్ని పెంచే నార్‌ఎడ్రినలిన్ ఎక్కువ మోతాదులో నడుస్తున్నప్పుడు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. అది బీపీ కోసం, దాన్ని చూసి భయపడొద్దు.

మీ బంధువు పంపిన వ్యాసంలో కొత్తగా ఉన్నది కాల్షియం చానెల్ మందు. ఆక్సోరా అంటారు. క్లోమ కణంలోకి, తెల్లకణంలోకి కాల్షియం వరదలా రాకుండా ఆపుతుంది, కాబట్టి రెండు చోట్లా ఒకేసారి పనిచేస్తుంది. అన్నింటిలో నాకు ఎక్కువ ఆశ ఉన్నది దీని మీదే. కానీ అది పరీక్షల దశలో ఉన్న మందు, మెడికల్ షాపులో కొనేది కాదు. ఎవరైనా తెప్పిస్తామంటే నమ్మకండి.

‘పేగులకు మంచిది, ఇమ్యూనిటీకి మంచిది’ అని ప్రోబయాటిక్ సాచెట్లు కూడా కొనిపిస్తుంటారు. హానేముందిలే అనుకుంటాం. నెదర్లాండ్స్‌లో 298 మందితో చేసిన పరీక్ష 2008లో వచ్చింది. తీవ్రమైన పాంక్రియాటైటిస్‌లో ప్రోబయాటిక్స్ తీసుకున్నవాళ్లలో 16 శాతం చనిపోయారు, తీసుకోనివాళ్లలో 6 శాతం. కొందరికి పేగుకు రక్తం అందక కుళ్లింది. ఇంటి నుంచి ఎవరూ అలాంటివి తెచ్చి పట్టకుండా చూడండి.

ఇమ్యూనిటీని దారిలో పెట్టేవి అసలు లేవా? ఉన్నాయి, అవి ఇప్పటికే వార్డులో ఉన్నాయి. నరానికి ఎక్కించే రింగర్ లాక్టేట్ సీసా అందులో ఒకటి. ఉత్త సెలైన్‌తో పోలిస్తే దాంతో ఒళ్లంతా పాకే ఇన్‌ఫ్లమేషన్ తగ్గుతుందని చిన్న పరీక్షల్లో కనబడింది. అందులోని లాక్టేట్ మాక్రోఫేజ్‌ల దూకుడు తగ్గిస్తుందని ప్రయోగశాలలో చూశారు. కానీ ఎంత ఎక్కించాలన్నది చాలా ముఖ్యం. పాతరోజుల్లో ఎంత ఎక్కువైతే అంత మంచిదనేవాళ్లం. 2022లో వచ్చిన వాటర్‌ఫాల్ పరీక్షలో మన దేశం, ఇటలీ, మెక్సికో, స్పెయిన్ ఆసుపత్రుల్లోని 249 మందిని చూశారు. కిలో బరువుకు గంటకు 3 మిల్లీలీటర్ల చొప్పున ధారాళంగా ఇచ్చినవాళ్లలో 20.5 శాతానికి ఒంట్లో నీరు ఎక్కువైంది. గంటకు 1.5 మిల్లీలీటర్ల చొప్పున ఇచ్చినవాళ్లలో 6.3 శాతానికే. జబ్బు ముదరడం మాత్రం ధారాళంగా ఇచ్చినందువల్ల తగ్గలేదు. ప్రమాదం కనబడి పరీక్షను మధ్యలోనే ఆపేశారు.

మంచం పక్కన వేలాడే చార్టు మీరూ చదవచ్చు. గంటగంటకూ మూత్రం ఎంతొచ్చిందో సిస్టర్ రాస్తుంది. 70 కిలోల మనిషికి గంటకు 35 మిల్లీలీటర్లకు తగ్గకూడదు. నాడి 120 నుంచి వందలోపుకు దిగుతోందా, ఊపిరి నిమిషానికి 30 నుంచి ఇరవైలలోకి వచ్చిందా, పొట్ట బిగుసుకుని రాయిలా అయిందా చూడండి. పొట్ట బిగిస్తే మూత్రం గొట్టం గుండానే లోపలి ఒత్తిడి కొలుస్తారు. ఆ పరీక్షకు పెద్ద ఖర్చు ఉండదు. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ అనే రక్తపరీక్ష అంకె 48 గంటల తర్వాత 150 దాటితే జబ్బు తీవ్రమని అర్థం. లైపేజ్ అంకె మాత్రం తీవ్రత చెప్పదు. 1,900 చూసి భయపడకండి, రేపు 400కి దిగిందని సంబరపడకండి, రోజూ ఆ పరీక్ష రాస్తే ఎందుకని అడగండి.

రెండోది తిండి. నోటికేమీ పెట్టకుండా వారాల తరబడి పడుకోబెట్టే కాలం పోయింది. వాంతులు లేకపోతే నోటి ద్వారా, కుదరకపోతే ముక్కు గొట్టం ద్వారా మొదటి కొద్ది రోజుల్లోనే ఆహారం మొదలుపెట్టాలి. పేగుకు తిండి అందితే దాని గోడ గట్టిగా ఉంటుంది, బ్యాక్టీరియా గోడ దాటదు. చీము పట్టకుండా కాపాడేది ఏదంటే నేను ముందు దీన్నే చెప్తాను. ఐదో రోజుకూ ఏమీ ఇవ్వట్లేదంటే రేపు పొద్దున రౌండ్స్‌లో మీ మొదటి ప్రశ్న అదే కావాలి. నరానికి ఎక్కించే టీపీఎన్ ఆహారం ఖరీదు, ఇన్‌ఫెక్షన్లూ ఎక్కువ. వేరే దారి లేనప్పుడే అది.

మీ తమ్ముడి విషయంలో ట్రైగ్లిజరైడ్స్ 2,400 అన్నారు కదా. అలాంటివాళ్ల రక్తం గొట్టంలో కాసేపు నిలబెడితే పైన పాలమీగడలా తెల్లగా తేలుతుంది. అది దిగడానికి ఇన్సులిన్ డ్రిప్ సరిపోతుంది, సుగర్ చూసుకుంటూ ఇస్తారు. ప్లాస్మా మార్పిడి చేస్తే అంకె త్వరగా దిగుతుంది గానీ అవయవాలు త్వరగా కోలుకుంటాయని తేలలేదు. అదీ ఖరీదైన పనే.

ఇంకో మాట, మన ప్రాంతం వాళ్లకు తప్పక చెప్పాల్సింది. తమ్ముడు బ్రాందీయే కాక కల్లు కూడా తాగుతాడా? పాలమూరు వైపు, మన వైపు కొన్ని కల్లు దుకాణాల్లో ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలుపుతారని అందరికీ తెలిసిందే. ఐసీయూలో రెండో మూడో రోజు అది అందక చేతులు వణుకుతాయి, గొట్టాలు పీకేసుకుంటాడు, లేనివాళ్లు కనబడుతున్నారంటాడు, ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్లు దాన్ని మెదడుకు ఇన్‌ఫెక్షన్ ఎక్కిందనుకుని వేరే దారిలో వెతికే ప్రమాదముంది. సిగ్గుపడి దాచకండి. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా అన్నది ఈ రోజే చెప్పండి. ఎన్నో ఇంజెక్షన్లకంటే ఆ సమాచారం విలువైనది.

రెండు మూడు వారాల్లో స్కాన్ తీసి క్లోమంలో కొంత చచ్చిపోయిందని, నీరు చేరిందని చెప్పవచ్చు. వెంటనే ఆపరేషన్ చేసి తీసేయమని ఒత్తిడి చేయకండి. చీము పట్టినా సరే, పేషెంటు తట్టుకుంటున్నంతవరకు యాంటీబయాటిక్స్‌తో నాలుగు వారాల దాకా ఆగడమే మంచిదని ఇప్పుడు అనుకుంటున్నాం. అప్పటికి దాని చుట్టూ గోడ కడుతుంది, గొట్టం వేసినా ఎండోస్కోపీతో తీసినా రక్తస్రావం తక్కువ. నెదర్లాండ్స్‌లో 104 మందితో చేసి 2021లో ప్రచురించిన పరీక్షలో, అలా ఆగిన గుంపులో 39 శాతానికి గొట్టం కూడా అవసరం పడలేదు. ఈ దశ వస్తే మాత్రం ఎండోస్కోపీ, రేడియాలజీ, సర్జరీ మూడూ ఒకే చోట ఉన్న ఆసుపత్రి కావాలి. మీ డబ్బు ఖర్చు పెట్టాల్సింది అక్కడ.

ఇమ్యూనిటీ చికిత్స నిజంగా అద్భుతంలా పనిచేసే పాంక్రియాటైటిస్ ఒకటుంది, అది వేరే జబ్బు. ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్ అని 1995లో జపాన్ వాళ్లు పేరు పెట్టారు. 2001లో అక్కడివాళ్లే ఐజీజీ4 అనే యాంటీబాడీతో దానికి సంబంధముందని చూపించారు. ఎక్కువగా యాభై దాటిన మగవాళ్లకు వస్తుంది. పెద్ద నొప్పి ఉండదు, కళ్లు పచ్చబడతాయి, క్లోమం స్కాన్‌లో ఉబ్బి నున్నగా ఉంటుంది, చూడ్డానికి క్యాన్సర్ లాగే ఉంటుంది. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు వారాలిచ్చి మెల్లగా తగ్గిస్తే వాపు కరిగిపోతుంది. తిరగబెడితే రిటుక్సిమాబ్ అనే ఇమ్యూనిటీ మందు ఉంది. 2025లో ఐనెబిలిజుమాబ్ అనే అలాంటి మందుకు కూడా ఐజీజీ4 జబ్బు కోసం అమెరికాలో అనుమతి వచ్చింది. బంధువు పంపిన వ్యాసంలో నయమైన పేషెంట్లు చాలావరకు ఈ రకం వాళ్లే అయి ఉంటారు. మీ తమ్ముడి వయసు, తాగుడు, ట్రైగ్లిజరైడ్స్ చూస్తే అతనిది అది కాదు.

రేపు రౌండ్స్‌లో డాక్టర్‌గారితో నెమ్మదిగా ఇలా అనండి: “సార్, థైమోసిన్, ఫిల్టర్ లేకుండా చికిత్స కొనసాగిస్తే తమ్ముడికి తేడా ఏం పడుతుంది? తిండి ఎప్పుడు మొదలుపెడతారు? మూత్రం ఎంతొస్తోంది?” మంచి డాక్టర్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి, ఈ చికిత్స ఆరోగ్యశ్రీ కింద ఎంతవరకు వస్తుందో, ఆ ఆసుపత్రిలో లేకపోతే ఎక్కడ వస్తుందో అడగండి. 2023 డిసెంబర్ నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. ఆక్సిజన్ అవసరం తగ్గి బీపీ నిలకడగా ఉంటే నిమ్స్‌కు మార్చే మాట కూడా అడగవచ్చు. నిలకడ లేనప్పుడు మాత్రం అంబులెన్స్ ఎక్కించకండి.

ఇంటికొచ్చాక తాగుడు పూర్తిగా మానాలి, కల్లు సహా. నూనె, కొవ్వు తగ్గించాలి, ట్రైగ్లిజరైడ్స్ తగ్గించే ఫెనోఫైబ్రేట్ ఆపకుండా వాడాలి. మూడు నెలలకోసారి సుగర్ చూపించాలి, క్లోమం దెబ్బతిన్నాక మధుమేహం రావడం మామూలే. మలం జిడ్డుగా తేలుతూ బరువు తగ్గుతుంటే ఎంజైమ్ క్యాప్సూల్స్ కావాలి, అవి అన్నంతో పాటే వేసుకోవాలి. ట్రైగ్లిజరైడ్స్ 2,400 అంటే ఇంట్లో మిగతావాళ్లకూ ఉండొచ్చు. మీరూ, మీ అక్కచెల్లెళ్లూ పరగడుపున రక్తమిచ్చి లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో రాయించుకుంటే తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌లో ఉచితంగా చేస్తారు. రేపటి చార్టులో మూత్రం, నాడి, క్రియాటినిన్ అంకెలు ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.